బొమ్మలు రాని డ్రాయింగ్ మిస్

అమీర్‌పేట,
జూలై 2

పంజాగుట్ట వాగీశ్వరి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల లెక్చరర్ చలపతిరావు గారికి, చైత్రరథ హైస్కూల్ కరస్పాండెంట్ రాజనర్సయ్య నమస్కరించి రాసుకునేది.

మీ ఉత్తరం అందింది. టీచర్ ట్రైనింగు చదువుతున్న మీ విద్యార్థిని మధులతను మా బడికి పంపిస్తామని, ఆరు వారాలు మా పిల్లలకు విజువల్ ఆర్ట్స్ పాఠాలు చెప్పి తన ట్రైనింగు పూర్తి చేసుకుంటుందని రాశారు. చాలా సంతోషం. ఫోనులో మాట్లాడదామని రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి మా కింద రోడ్డు మీద జావా కోర్సు మైకు, రెండోసారి మీ వైపు బస్సు హారను. మీరేదో అన్నారు, నేను సరే అన్నాను. దేనికి సరే అన్నానో తెలియక ఆ పూటంతా ఫికర్ పట్టుకుంది. ఇక మీదట అన్నీ కాగితం మీదనే పెట్టుకుందాం. మా అటెండర్ పెంటయ్య రోజూ మీ కాలేజీ ముందు నుంచే డ్యూటీకి వస్తాడు. ఉత్తరాలు అతనే చేరవేస్తాడు.

మా బడి మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు. కింద అన్నీ కోచింగ్ సెంటర్లే. మా పిల్లలు పద్యం చదువుతుంటే మెట్ల మీది నుంచి పైథాన్ వినిపిస్తుంది. అడ్మిషన్‌కు వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ, మీ దగ్గర కొత్తగా ఏముంది అని అడుగుతారు. ఇన్నాళ్లూ నీళ్లు నమిలాను. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. విజువల్ కోర్సుకు మా ఏరియాలో మస్తు డిమాండు.

ల్యాబు సిద్ధం చేయిస్తున్నాను. మా సిస్టమ్స్ అన్నీ బాగున్నాయి. ఆ అమ్మాయికి ఇంకేం కావాలో రాయండి.

ఇట్లు,
మీ రాక కోసం, మీ కోర్సు కోసం చూసే
రాజనర్సయ్య

తా.క. యాభై దాటినవాళ్లు కూడా ఈ కోర్సు నేర్చుకోవచ్చా అని మా ఆవిడ అడుగుతోంది. ఎందుకే అంటే "ముందు అడుగుర్రి" అంది.


పంజాగుట్ట,
జూలై 4

శ్రీయుత రాజనర్సయ్య గారికి చలపతిరావు నమస్కారములు.

మీ ఉత్తరం చదివి నిజంగా పొంగిపోయాను. కళాబోధనకు అమీర్‌పేటలో ఇంత గిరాకీ ఉందని ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నాకెవరూ చెప్పలేదు. మీ బడిలో సిస్టమ్ బాగుందన్నారు. సిస్టమ్ బాగున్న బడులు ఈ రోజుల్లో ఎన్ని ఉన్నాయి చెప్పండి.

ల్యాబు వంటివేమీ వద్దండి. మామూలు గది చాలు. ఒక మంచి కిటికీ ఉండాలి. పెద్దదైతే మరీ మంచిది. మా పాఠంలో సగం పని కిటికీయే చేస్తుంది. కొంచెం మట్టి, పాత పేపర్లు, కొన్ని ఆకులు ఉంటే ఆ అమ్మాయి మిగతాది చూసుకుంటుంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. మధులతకు చేత్తో బొమ్మ గీయడం రాదు. దయచేసి ఎవరూ గీయమని అడగకండి. ఈ విద్యలో అదేమీ లోపం కాదు. నేర్పడం వేరు, గీయడం వేరు. మీరు ఈ రంగం తెలిసినవారిలా ఉన్నారు కనుక విడమరిచి చెప్పనక్కర్లేదు.

సోమవారం ఉదయం వస్తుంది.

ఇట్లు,
భవదీయుడు
చలపతిరావు

తా.క. మీ శ్రీమతి గారు నిరభ్యంతరంగా నేర్చుకోవచ్చు. ఈ విద్యకు వయసుతో పని లేదు.


అమీర్‌పేట,
జూలై 6

చలపతిరావు గారికి రాజనర్సయ్య దండాలు పెట్టి రాసేది.

మీరు అచ్చ తెలుగు మనిషి. మీ ఉత్తరం అందరికీ అర్థమయ్యేది కాదు కానీ నేను పట్టుకున్నాను. కిటికీ అంటే విండోస్. అన్ని సిస్టమ్స్‌లోనూ కొత్త కిటికీ వేయించాను. కింది సెంటర్లో కంప్యూటర్ చెప్పే కేదార్ వచ్చి వేశాడు. మట్టి ఎందుకో అతనే చెప్పాడు. మట్టి బొమ్మలను కొంచెం కొంచెం జరుపుతూ ఫోటోలు తీసి సినిమాగా ఆడిస్తారట, అదొక పెద్ద కోర్సట. పాత పేపర్లన్నారు కదా, ఐదేళ్ల ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించి పెట్టాను. ఆకుల సంగతే మాకెవరికీ తట్టలేదు. ప్రారంభోత్సవానికి అయివుంటుందని పెంటయ్య తమలపాకులు తెచ్చాడు.

అమ్మాయికి చేత్తో గీయడం రాదన్నారు. ఈ కాలంలో చేత్తో ఎవరు గీస్తున్నారు సార్, అన్నీ కంప్యూటరే గీస్తుంది. మీరు మొహమాటపడి రాశారు కానీ మాకది మంచి వార్త. దాన్నే ఫ్లెక్సీ మీద వేయించాను. ఫ్లెక్సీలో ఉన్నది ఇది: "విజువల్ ఆర్ట్స్. పంజాగుట్ట నిపుణుల పర్యవేక్షణలో. డ్రాయింగ్ రానివారికి ప్రత్యేకం. వయోపరిమితి లేదు." నాలుగు మాటలూ మీ ఉత్తరంలోవే. నా సొంతం ఏమీ కలపలేదు.

ఇట్లు,
మీ మాటకు కట్టుబడిన
రాజనర్సయ్య

తా.క. నిపుణులు అనే మాట పక్కన మీ ఫోటో వేద్దామనుకున్నాం. మీది దొరకలేదు. వేరే ఆయనది వేశాం. కళ్ళద్దాలు ఉన్నాయి, గంభీరంగానే ఉన్నాడు.


పంజాగుట్ట,
జూలై 8

రాజనర్సయ్య గారికి నమస్కారం.

మీ ఉత్తరం పెంటయ్య ఇవాళ మధ్యాహ్నం ఇచ్చాడు. అప్పటికే మధులత మీ దగ్గరికి వెళ్లిపోయింది. సాయంత్రం నా గదికి వచ్చి కుర్చీలో కూలబడింది. తర్వాత చెప్పింది.

ఆరో తరగతి పిల్లలుంటారని వెళ్తే, పరదాలు వేసిన చల్లని గదిలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారట. విజయేందర్ అనే ఇంజనీరింగ్ చదివిన కుర్రవాడు లేచి, "మేడమ్, ఏ వర్షన్ చెప్తరు?" అని అడిగాడట. ఈ అమ్మాయి కంగారులో, "ఆరు" అంది. తన లెక్కలో ఆరో తరగతి. దానికతను, "సిక్స్ మస్తు పాతది మేడమ్, ఎవరు వాడుత లేరు" అన్నాడట. ఏం చేయాలో తోచక బల్ల మీద ఉన్న తమలపాకులు తలా ఒకటి ఇచ్చి, కాసేపు దీన్ని బాగా చూడండి, చూసింది గీయండి అందట. గంటసేపు అందరూ తమలపాకు చూస్తూ కూర్చున్నారు. పోయేటప్పుడు, డెమో బాగుంది మేడమ్ అని చెప్పి మరీ వెళ్లారు. మీ అమీర్‌పేటలో కోర్సులో చేరకముందు ఊరికే చూపించే మొదటి క్లాసును డెమో అంటారట, నాకు ఇవాళే తెలిసింది.

ఇప్పుడు దయచేసి ప్రతి మాటా ఉన్నదున్నట్టు చదవండి. మాది కంప్యూటర్ కోర్సు కాదు. బడిలో పిల్లలకు బొమ్మలు వేయడం, మట్టితో చేయడం, చుట్టూ ఉన్నది కళ్లతో చూడడం నేర్పే పని. రేపటి టీచర్లకు ఆ పని ఎలా చేయాలో నేను చెబుతాను. కిటికీ అంటే గోడకు ఉండేది. మట్టి అంటే మట్టి. పాత పేపర్లు అంటే పొద్దున చదివి పడేసే పేపర్లు.

ఫ్లెక్సీ వెంటనే దింపించండి.

ఇట్లు,
చలపతిరావు

తా.క. విజయేందర్ తమలపాకు ఇంటికి తీసుకెళ్లాడట. హోంవర్క్ అనుకున్నాడు.


అమీర్‌పేట,
జూలై 20

చలపతిరావు గారికి రాజనర్సయ్య తల వంచి రాసేది.

ఫ్లెక్సీ దింపాను. పెద్దవాళ్లను పంపించాను. ఆరో తరగతిని రోడ్డు వైపు కిటికీ ఉన్న గదికి మార్చాను. ఆలస్యంగానైనా అర్థమైంది, ఇది డ్రాయింగ్ క్లాసు. అయితే సార్, డ్రాయింగ్ క్లాసు అని తెలిశాక నా కష్టం ఇంకా పెరిగింది.

డ్రాయింగ్ మిస్ అన్నాక బోర్డు మీద ఒక మామిడిపండు వేస్తుంది, పిల్లలు దాన్ని చూసి వేస్తారు, ఆమె తప్పులు దిద్దుతుంది. మేము చదువుకున్నది అట్లనే. మధులత బోర్డు ముట్టుకోదు. ఎవరి బొమ్మా దిద్దదు. పిల్ల పక్కన కూర్చుని, "దీని గురించి చెప్పు" అంటుంది. పిల్లలు చెబుతూనే ఉంటారు. గుమ్మంలో నిలబడి నేనే విన్నాను. ఒకడు గీసింది మూడు గీతలు, చెప్పింది మాత్రం పీరియడ్ అయ్యేదాకా.

సరే, అదీ ఓర్చుకున్నాను. మొన్న శుక్రవారం ఏమైందో వినండి. పొద్దున నేను క్లాసులోకి వెళ్తే గోడ మీద ఒక బొమ్మ అంటించి ఉంది. ఎర్ర చీర, పెద్ద బొట్టు, ఎనిమిది చేతులు. చూడగానే నాకు ఒళ్లు పులకరించింది. చిన్నపిల్లలు అమ్మవారిని ఎంత భక్తిగా వేశారని చెప్పులు విడిచి దండం పెట్టాను. నన్ను చూసి పిల్లలందరూ పెట్టారు. పెంటయ్యతో ఫ్రేమ్ కట్టించి, మెట్ల దగ్గర మేకు కొట్టించి, కొబ్బరికాయ కొట్టాను. తల్లిదండ్రుల మీటింగుకు వచ్చినవాళ్లందరూ బొట్టు పెట్టి పోతున్నారు.

చంద్రిక తల్లి వచ్చింది. మైత్రీవనం చౌరస్తాలో కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పంచే పని ఆమెది. మెట్లెక్కి బొమ్మ ముందు ఆగింది. అదే చీర కట్టుకుని ఉంది. అది చంద్రిక వేసిన వాళ్లమ్మ బొమ్మ సార్. ఒక్కో చేతిలో ఉన్నవి ఆయుధాలనుకున్నాను. కరపత్రాలు.

జనమంతా చూస్తుండగా నాకు ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఆమె మాత్రం బొమ్మ వంక చాలాసేపు చూసి, "ఇంకో రెండు చేతులుంటే మంచిగుండు సార్" అంది. అని మళ్లీ పనికి పోయింది.

ఇప్పుడు చెప్పండి. మీ అమ్మాయికి బొమ్మ వచ్చి ఉంటే, మనిషికి రెండు చేతులే ఉంటాయని మొదటి రోజే దిద్దేది. నేను కొబ్బరికాయ కొట్టేవాణ్ణి కాదు. అందుకే అడుగుతున్నా, ఈమెను వెనక్కి పిలిపించుకుని, గీయడం వచ్చిన మనిషిని ఎవరినైనా పంపించండి.

ఇట్లు,
నగుబాటు పాలైన
రాజనర్సయ్య

తా.క. ఫ్రేమ్ తీసేద్దామంటే పెంటయ్య ఒప్పుకోవడం లేదు. ఒకసారి కొబ్బరికాయ కొట్టినంక దించవద్దంటున్నాడు.


పంజాగుట్ట,
జూలై 22

రాజనర్సయ్య గారికి చలపతిరావు వ్రాయునది.

మధులతను వెనక్కి పిలవను. కారణం చెబుతాను, కోపం లేకుండా వినండి.

ఈమెను పోయినసారి ఇంకో బడి వాళ్లు ఇదే మాట మీద రెండో వారంలో తిప్పి పంపారు. మళ్లీ అలా జరిగితే ఏడాది పోతుంది. ఆమె యూసుఫ్‌గూడలో ఇద్దరు స్నేహితురాళ్లతో గది తీసుకుని, సాయంత్రాలు బట్టల కొట్లో పనిచేస్తూ చదువుకుంటోంది. ఇంకో ఏడాది చదవగల స్థితి కాదు. తిరిగొచ్చిన రోజున నాతో, "నాకు గీయరాదు సార్. పిల్లలకేం నేర్పుత? ఈ పని ఇడిసిపెడ్త" అంది. నేను, గీయడం వచ్చినవాళ్లు తమ బొమ్మే చూపిస్తారు, పిల్లల బొమ్మ చూడరు, నువ్వు వాళ్లను చూడడం నేర్చుకో అన్నాను. అది నిజమో, ఆమెను ఊరడించడానికి అన్నానో అప్పుడు నాకే తెలియదు. మీ చంద్రిక బొమ్మ గురించి చదివాక నిజమేమో అనిపిస్తోంది. రోజంతా చేతులు చాచి నిలబడే తల్లికి ఎనిమిది చేతులు వేసిన పిల్లకు మనం ఏం దిద్దుతామండీ.

వచ్చే గురువారం మధులత పరీక్ష పాఠానికి బయటి నుంచి పరీక్షాధికారి వస్తారు. పేరు అరుణాదేవి. కళ్ళద్దాలు, భుజాన గుడ్డసంచి, తక్కువ మాట్లాడతారు. వెనక బెంచీలో కూర్చోబెట్టి మార్కుల కాగితం ఆమె చేతికివ్వండి. మధులత ఉత్తీర్ణత ఆమె సంతకం మీదే ఉంది. పాఠంలో మీరెవరూ కల్పించుకోవద్దు.

ఇట్లు,
చలపతిరావు

తా.క. ఆమెకు దండలు, శాలువాలు, కొబ్బరికాయలు వద్దు.


అమీర్‌పేట,
జూలై 30

చలపతిరావు గారికి రాజనర్సయ్య సంతోషంగా రాసేది.

మీరు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా జరిపించాను. గురువారం పొద్దున అరుణాదేవి గారు వచ్చారు. కళ్ళద్దాలు, భుజాన గుడ్డసంచి. మెట్ల దగ్గర నిలబడి, "క్లాసు గిక్కడేనా?" అని అడిగారు. ఇక్కడే మేడమ్ అని తీసుకుపోయి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. మార్కుల కాగితం, పెన్ను ఇచ్చాను. నిజంగానే తక్కువ మాట్లాడే మనిషి. ఛాయ్ తాగుతారా అంటే, "ఫ్రీనా?" అని ఒక్క మాటే అడిగారు. పెద్దవాళ్ల సింప్లిసిటీ అట్లుంటుంది.

ఆ రోజు మధులత పిల్లలతో మట్టి పిసికించింది. కళ్లు మూసుకుని మీ ఇంట్లోవాళ్ల ముఖం తడిమినట్టు అనుకుని చేయండి అంది. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఒకడు వాళ్ల తాత ముక్కు చేశాడు, ముక్కు తప్ప ఇంకేమీ చేయలేదు. క్లాసంతా నవ్వింది. మధులత ఆ ముక్కును అరచేతిలో పెట్టుకుని దాని గురించి చెప్పమంటే, తాత నిద్రపోతే ఇల్లంతా గురక వినిపించేదని, ఇప్పుడు ఇల్లు చప్పుడు లేకుండా ఉందని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆమెను వెనక్కి పిలవమని రాసినవాడిని నేనే. ఆ మాట కొట్టేయండి.

మార్కుల కాగితం జతపరుస్తున్నాను. యాభైకి నలభై తొమ్మిది.

ఇట్లు,
తేలికపడ్డ మనసుతో
రాజనర్సయ్య

తా.క. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశారో మాకు అంతు పట్టలేదు. కాగితం మీద, "క్లాసు మస్తుంది, మేడం మంచిగ చెప్తది, కానీ ఇంగ్లీషు ఒక్క ముక్క చెప్పలే" అని రాసి ఉంది. మట్టి పాఠానికి ఇంగ్లీషు ఎందుకు సార్?


పంజాగుట్ట,
జూలై 31

రాజనర్సయ్య గారికి.

అరుణాదేవి గారు గురువారం మీ బడికి రానేలేదు. జ్వరం వచ్చి శ్రీనగర్ కాలనీలో వాళ్ల ఇంట్లోనే ఉన్నారు. ఇందాకే కబురు చేశారు. వచ్చే వారం ఏదో ఒక రోజు వస్తారు, ఏ రోజో చెప్పరు.

మార్కుల కాగితం మీద ఉన్న సంతకం ఎవరిదో దయచేసి కనుక్కోండి. ఆ మార్కులు చెల్లవు. మధులతకు చెప్పాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె మాత్రం, "మళ్ల చెప్త సార్" అంది.

ఇట్లు,
అయోమయంలో ఉన్న
చలపతిరావు

తా.క. ఈసారి వచ్చేవారి పేరు అడగండి.


అమీర్‌పేట,
ఆగస్టు 7

చలపతిరావు గారికి రాజనర్సయ్య ధైర్యంగా రాసేది.

మొదట ఆ సంతకం సంగతి. ఆమె మొన్న మళ్లీ వచ్చింది. పంజాగుట్టలో చీరల షాపులో పనిచేస్తుందట. స్పోకెన్ ఇంగ్లీషు డెమో కోసం వచ్చి ఒక అంతస్తు ఎక్కువ ఎక్కింది. మనం ఇచ్చిన కాగితం డెమో అయ్యాక అందరూ నింపిచ్చే అభిప్రాయం ఫారం అనుకుని నింపింది. క్లాసులు ఎప్పటి నుంచి అని అడుగుతోంది. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, ఇదే నేర్చుకుంటానంటోంది.

అసలు విషయానికి వస్తాను. నిన్న ఇంకో దొంగ పరీక్షాధికారి వచ్చింది. ఈసారి నేను మోసపోలేదు. కళ్ళద్దాలు, గుడ్డసంచి, అన్నీ ఉన్నాయి. మీరు చెప్పినట్టు పేరు అడిగాను. "అరుణాదేవినండి" అంది. నాకు అక్కడే అనుమానం తగిలింది. జ్వరమొచ్చి లేచిన మనిషి మూడంతస్తులు ఎక్కి అంత నెమ్మదిగా, అంత నిబ్బరంగా పేరు చెబుతుందా? ఇంతకుముందు కూడా మీలాంటామె ఒకరు వచ్చారమ్మా, స్పోకెన్ ఇంగ్లీషు రెండో అంతస్తు అని చెప్పాను. ఆమె ఏదో కాగితం తీయబోయింది. అమీర్‌పేటలో ఏ కాగితమైనా అరగంటలో తయారవుతుంది, మాకు తెలియదా. పెంటయ్య గేటు వేసి తాళం పెట్టాడు.

అంతటితో ఊరుకోలేదు. ఆమె మళ్లీ ఏ దారినైనా లోపలికి వస్తుందేమోనని, వెనక మెట్ల నుంచి ఆరో తరగతినంతా కిందికి దింపించి, పక్క సందులో మూసి ఉన్న షాపుల ముందు కూర్చోబెట్టించాను. మధులత ఆ పూట పాఠం అక్కడే చెప్పింది. ఆమె కష్టాన్ని మళ్లీ ఎవరో దారిన పోయేవాళ్లు పాడుచేయడం నాకిష్టం లేదు. ఆ దొంగ మేడం కిందికి దిగి, ఆయాసపడుతూ అదే సందులో ఒక మెట్టు మీద కూర్చుంది. కూర్చోనీ అనుకున్నాను. రోడ్డు మీద ఎవరైనా కూర్చోవచ్చు కదా.

అసలు అరుణాదేవి గారు ఎప్పుడు వస్తారో తొందరగా రాయండి. గేటు తాళం నా జేబులోనే ఉంది.

ఇట్లు,
అప్రమత్తంగా ఉన్న
రాజనర్సయ్య

తా.క. మధులత ట్రైనింగు అయ్యాక మా బడిలోనే ఉంటుందా అని మీరే ఒకసారి అడిగి చూడండి. నేనడిగితే నోరు రావడం లేదు.


పంజాగుట్ట,
ఆగస్టు 9

రాజనర్సయ్య గారికి చలపతిరావు నమస్కరించి వ్రాయునది.

మీరు గేటు బయటకు పంపింది అరుణాదేవి గారినే.

ఈ ఒక్క వాక్యం చదివాక మీరు కాసేపు కూర్చోండి. తర్వాత మిగతాది చదవండి.

ఆమె నిన్న కాలేజీకి వచ్చారు. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే చేత్తో ఆపి, జరిగింది చెప్పారు. మెట్టు మీద కూర్చున్నప్పుడు ఇక ఇంటికి వెళ్లిపోదామనే అనుకున్నారట. ఇంతలో పిల్లలు అట్టలు, కాగితాలు పట్టుకుని చుట్టూ చేరారు. ఒక పిల్ల దగ్గరికి వచ్చి, "జర జరుగుర్రి అమ్మమ్మా, మీరు నేను గీసే రోడ్డు మీద కూసున్నరు" అందట. ఆమె పక్క మెట్టుకు జరిగి అక్కడే ఉండిపోయారు.

ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. మధులతకూ తెలియదు. అరుణాదేవి గారు అన్న మాట ఇది: "పరీక్షకు వెళ్తే ప్రతిచోటా నాకోసం తయారుచేసిన పాఠమే చూశానండీ. నాకోసం కాని పాఠం చూడడం ఇదే మొదలు."

ఒక చిన్నది మాత్రం ఖాళీ కాగితం పెట్టుకుని, నాకు రాదు మిస్ అని ఏడుపు మొహం పెట్టిందట. అక్కడ ఎవరైనా ఏం చేస్తారు? ధైర్యం చెబుతారు, లేదా పెన్సిల్ తీసుకుని వేసి చూపిస్తారు. మధులత ఆ పిల్ల పక్కన కింద కూర్చుని, "నాకు సుత రాదు. ఇద్దరం చూద్దాం పా" అందట. ఇద్దరూ బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని సందు చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి ఆ పిల్ల తలెత్తి, స్తంభం నుంచి స్తంభానికి వేలాడే కేబుల్ వైరును కాగితానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క గీతలో గీసింది. దాని మీద ఒక పిట్టను పెట్టింది. తర్వాత ఇంకోటి. ఇక ఆపలేదు. బెల్లు కొట్టాక కూడా పిట్టలు పెడుతూనే ఉందట.

అరుణాదేవి గారు సంతకం చేశారు. మధులత ఉత్తీర్ణురాలైంది, ప్రథమ శ్రేణిలో. నేను కబురు చెబితే ఆ అమ్మాయి మొదట నమ్మలేదు. పరీక్ష ఎప్పుడయింది సార్ అని అడిగింది. చెప్పాక కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇంత పెద్దామెను పిల్లలు పక్కకు జరగమంటుంటే చూస్తూ ఊరుకున్నానే అని ఒకటే బాధ. ఆ తర్వాత నవ్వింది. అలా నవ్వడం ఈ రెండేళ్లలో నేను చూడలేదు.

మీ బడిలో చేరే విషయం అడిగాను. "ఆ సార్ నాకోసం గేటుకు తాళమేసిండా?" అంది. వేశాడన్నాను. సోమవారం వచ్చి మీతోనే మాట్లాడుతుందట. గేటు తీసి ఉంచండి.

ఇట్లు,
చిరకాలం మీ మిత్రుడు
చలపతిరావు

తా.క. అరుణాదేవి గారి నివేదికలో పాఠశాల యాజమాన్యం అందించిన సహకారం అనే గడి ఒకటి ఉంటుంది. ప్రతి బడికీ ఆమె "తృప్తికరం" అని రాస్తారు. మీకు మాత్రం ఇలా రాశారు: "భద్రత అత్యుత్తమం. స్వయంగా పరీక్షించాను."